కక్కింది చెంచాడు, నింద గంపెడు

పసిబిడ్డ పాలు కక్కితే మన ఇళ్ళలో ముందు బోనెక్కేది తల్లి. "నిన్న ఏం తిన్నావే?" అన్నది మొదటి ప్రశ్న. వంకాయ కూర వేసుకుందా, పెరుగన్నం తిందా, ఫ్యాను కింద పడుకుందా, దాహమేసి కుండలో నీళ్ళు తాగిందా అని విచారణ నడుస్తుంది. సాయంత్రానికల్లా తీర్పు వచ్చేస్తుంది. పాలు పలచన, పాలు వేడి, పాలు బిడ్డకి పడట్లేదు. ఈ మాట అనేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ ఉండరు. అమ్మమ్మ ఉంటుంది, ఫోన్లో నానమ్మ ఉంటుంది, పక్కింటి పిన్నిగారు ఉంటారు, ఒక్కోసారి మందుల షాపు కుర్రాడూ ఉంటాడు. అందరూ బిడ్డ మంచికే చెబుతారు. శిక్ష మాత్రం ఇద్దరికీ పడుతుంది. తల్లికి పత్యం బిగుస్తుంది, బిడ్డకి డబ్బా పాలు వస్తాయి.

నేను గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి పురిటి వార్డులో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఇప్పటికీ మా వీధిలో ఏ ఇంట పురుడైనా "సిస్టరుగారూ, ఒక్కసారి వచ్చి వెళ్ళండి" అని కబురొస్తుంది. వెళ్తే ఎక్కువసార్లు సంగతి ఇదే. తల్లి కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంటాయి. బల్ల మీద డబ్బా, పాలసీసా, గ్రైప్ వాటరు కొలువుదీరి ఉంటాయి. ఇంత గొడవకీ కారణమైన బిడ్డ మాత్రం నిక్షేపంగా కాళ్ళాడిస్తూ ఉంటాడు.

చెప్పాల్సింది సూటిగా చెబుతాను. ఆత్రంగా పాలు తాగుతూ, బరువు పెరుగుతూ, కక్కిన తర్వాత కూడా హాయిగా ఉన్న బిడ్డకి ఏ జబ్బూ లేదు. వాడికి కావలసింది నాలుగు మెత్తటి పాత బట్టలు, వాళ్ళమ్మకి కావలసింది కాస్త నిద్ర. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా బాలింతని డిశ్చార్జి చేసి పంపేయడం మన ఆసుపత్రులు చేస్తున్న తప్పు.

అన్నవాహిక కడుపులోకి దిగేచోట ఒక కండరం ఉంటుంది. మింగినప్పుడు వదులై, ఆ తర్వాత బిగుసుకుంటుంది. చంటిబిడ్డలో ఆ బిగింపు ఇంకా కుదురుకోదు, మింగకపోయినా ఉన్నట్టుండి వదులైపోతుంది. పైగా అన్నవాహిక పొట్టి, పొట్ట చిన్నది, తాగేదంతా పలచటి పాలు, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటాడాయె. మూత సరిగ్గా పడని మరచెంబుని పక్కకి పడుకోబెడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పాలతో పాటు గాలి కూడా మింగుతాడు. ఆ గాలి తేన్పై పైకొస్తూ కాసిని పాలని వెంటబెట్టుకొస్తుంది.

కక్కిన పాలు పెరుగు తరకల్లా ఉంటే ఇంట్లో భయం రెట్టింపవుతుంది. "చూశారా, కడుపులో పాలు విరిగిపోయాయి" అంటారు. విరగాలి మరి! కడుపులో ఆమ్లం ఉంటుంది, పాలు అందులో పడ్డాక విరిగితేనే అరుగుతాయి. తాగిన వెంటనే కక్కితే పాలు పాలలాగే వస్తాయి, కాసేపాగి కక్కితే తరకలుగా, పుల్లటి వాసనతో వస్తాయి. తేడా గడియారంలో ఉంది, తల్లిపాలలో లేదు.

1997లో అమెరికాలో చికాగో చుట్టుపక్కల పిల్లల డాక్టర్లు తొమ్మిది వందలమందికి పైగా తల్లిదండ్రుల్ని అడిగి ఒక లెక్క తేల్చారు. మూడు నెలల్లోపు పిల్లల్లో సగంమంది రోజుకి ఒక్కసారైనా కక్కుతారు. నాలుగో నెలలో అది 67 శాతానికి పెరుగుతుంది. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో 5 శాతానికి పడిపోతుంది. వాళ్ళకీ మనకీ పొట్టలు వేరు కావు. ఈ లెక్కలో నన్ను ఆలోచనలో పడేసింది ఆ నాలుగో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరిగాక మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లినీ బిడ్డనీ అత్తవారింటికి పంపుతాం. అంటే కక్కడం ముదిరే వేళకి సరిగ్గా ఇల్లు మారుతుందన్నమాట. "మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంత లేదు" అని వీళ్ళు, "అక్కడ ఏం పెట్టి పంపారో" అని వాళ్ళు. బిడ్డ తన వయసుకి తగ్గట్టు తను కక్కుతుంటే వియ్యపురాళ్ళ మధ్య మాటలాగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

వార్డులో నేను ఒక పని చేసేదాన్ని. ముదురు రంగు తువ్వాలు మంచం మీద పరిచి, మందు చెంచాతో ఒక్క చెంచా పాలు, అంటే 5 మిల్లీలీటర్లు, దాని మీద ఒంపేదాన్ని. అరచేతికన్నా పెద్ద మరక తేలేది. అమ్మమ్మనో నానమ్మనో పిలిచి, "మామ్మగారూ, ఎన్ని పాలు పోశానంటారు?" అని అడిగితే, "అయ్యో, అరగ్లాసుడు వృథా చేశావు కదమ్మా" అనేవారు. అప్పుడు చెంచా చూపించేదాన్ని. ఎంత చెప్పినా వినని మనిషి ఆ తువ్వాలు చూసి మెత్తబడేది. "తాగిందంతా కక్కేస్తున్నాడు" అన్న మాటకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇక వైద్యాల సంగతి. దిష్టి తీస్తే నాకేం అభ్యంతరం లేదు. ఉప్పూ మిరపకాయలూ బిడ్డ చుట్టూ తిరుగుతాయే గాని పొట్టలోకి పోవు. వాటిని కాల్చిన పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలో వద్దు, సాంబ్రాణి పొగా వద్దు, తాతగారి చుట్ట పొగ అసలే వద్దు. అసలు చిక్కు నోట్లో పోసేవాటితోనే.

గ్రైప్ వాటరుని 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి తయారుచేశాడు. సోడా ఉప్పు, సోయి గింజల నూనె, పంచదార, వాటితో పాటు కాస్త సారా. పిల్లలు ఏడుపాపి ఊరుకున్నారంటే ఊరుకోరూ మరి! ఇప్పటి సీసాల్లో సారా లేదు. అది పాలు కక్కడాన్ని ఆపుతుందనడానికి ఆధారమూ లేదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, తరతరాల అమ్మమ్మలు వరసకట్టే ప్రకటన చూసి పెరిగిన మనం సీసా మూత తీస్తూనే ఉన్నాం.

వస కొమ్ము అరగదీసి నాకిస్తారు. కడుపు శుభ్రపడుతుందట, మాటలు తొందరగా వస్తాయట. ఆ వసని తినే వస్తువుల్లో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది. మోతాదు ఎక్కువైతే వస వల్లే వాంతులవుతాయి. వాంతులు తగ్గడానికని వాంతి మందు పట్టడమన్నమాట. అయినా మన అమ్మమ్మల సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు వస కొమ్ము డాలస్‌ దాకా ప్రయాణం చేస్తూనే ఉంది. అక్కడి పిల్లల డాక్టర్లు ఇలాంటి బిడ్డని చూసి, ఇది వైద్యం పని కాదు, బట్టలుతికే పని అంటారట. అమ్మమ్మకి ఆ డాక్టరు మీద గురి కుదరదు.

వీటన్నిటికన్నా నాకు భయం ఆముదమంటే. బిడ్డని ఒళ్ళో వెల్లకిలా వేసుకుని, ముక్కు పట్టుకుని, ఏడుస్తున్న నోట్లో ఉగ్గుగిన్నెతో పోస్తారు. ఏడ్చే బిడ్డ ఊపిరి లాగితే నూనె కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నూనె దిగి వచ్చే న్యుమోనియా ఒక పట్టాన వదలదు. ముక్కులో నూనె చుక్కలు వేసి నోటితో ఊదడమూ అంతే. స్నానం చేయించే మామ్మలు ఎంత అనుభవజ్ఞులైనా ఈ రెండు పనులూ చేయనివ్వకండి.

అమ్మమ్మల్ని అన్నాను కాబట్టి చదువుకున్నవాళ్ళనీ అనాలి. కక్కుతున్నాడని తీసుకెళ్తే డొంపెరిడోన్ చుక్కలు రాసే అలవాటు మన ఊళ్ళలో బాగా ఉంది. చీటీ లేకపోయినా షాపులో దొరుకుతాయి. ఆ మందు గుండె లయని చెడగొట్టే ప్రమాదం ఉందని 2014లో యూరప్ మందుల సంస్థ దాని వాడకాన్ని కుదించింది. 2019లో బ్రిటన్, పన్నెండేళ్ళలోపు పిల్లలకి వాంతులు, వికారం కోసం వాడొద్దంది. ఇంకొందరు ఆమ్లం తగ్గించే మందు రాస్తారు. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో 162 మంది పసిపిల్లలని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి లాన్సోప్రజోల్, ఇంకో జట్టుకి ఉత్తుత్తి మందు నాలుగు వారాలు ఇచ్చి చూశారు. రెండు జట్లలోనూ 54 శాతం మందికే నెమ్మదించింది. అసలు మందు తాగినవాళ్ళలో ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువొచ్చాయి. ఆరోగ్యంగా ఉండి ఊరికే కక్కే బిడ్డకి ఈ మందులు ఇవ్వొద్దని 2018లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి మార్గదర్శకాల్లో రాశాయి. డాక్టర్లకి ఇది తెలియక కాదు. ఏమీ రాయని డాక్టరు దగ్గరికి రెండోసారి ఎవరూ రారని వాళ్ళ బెంగ. ఆ బెంగలో మన వంతూ ఉంది.

అన్నిటికన్నా ఖరీదైన వైద్యం డబ్బా. మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం డబ్బా పాలకి, పాలసీసాలకి ప్రకటన ఇవ్వడం నేరం. ప్రకటన దేనికండీ, రెండు కక్కులు చాలు, డబ్బా దానంతటదే ఇంటికి నడిచొస్తుంది. తమాషా ఏమిటంటే తల్లిపాలు కడుపులోంచి త్వరగా దిగిపోతాయి, డబ్బా పాలు ఎక్కువసేపు నిలవుంటాయి. కక్కడం తగ్గాలని డబ్బా మొదలుపెట్టిన ఇంట్లో కక్కు తగ్గదు. తగ్గేది తల్లి దగ్గర పాలు. పీల్చేకొద్దీ ఊరేవి కదా, బిడ్డ పీల్చడం మానగానే అవీ ఊరడం మానేస్తాయి. అప్పుడు "చెప్పానా, దీనికి పాలు లేవని" అన్న మాట నిజమై కూచుంటుంది. దేశంలో ఆరు నెలల్లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవాళ్ళు 63.7 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మిగిలినవాళ్ళలో ఎందరి పాలు ఇలా కక్కు పేరుతో పోయాయో ఎవరూ లెక్కపెట్టినట్టు లేరు.

మరి ఏం చేయాలంటారా? అమ్మమ్మలు చేసేవాటిలో బంగారం లాంటి పనులున్నాయి. తాగగానే భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, తేన్పు వచ్చేదాకా హాల్లో అటూ ఇటూ తిరగడం అలాంటిదే. తేన్పు వచ్చినా ఒక ఇరవై నిమిషాలో అరగంటో అలాగే నిటారుగా ఎత్తుకుంటే మంచిది. ఇంట్లో పని లేకుండా తిరిగే తాతగారికి ఇది చక్కటి ఉద్యోగం. భుజం మీద ఒక బట్ట వేసుకోమనండి, అంతే. రొమ్ము పట్టేటప్పుడు చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్ళేలా చూడాలి. లేకపోతే పాలకన్నా గాలి ఎక్కువ మింగుతాడు. కక్కాడు కదా, కడుపు ఖాళీ అయిందని వెంటనే మళ్ళీ బలవంతంగా పట్టకూడదు. వాడికి ఆకలైతే వాడే అడుగుతాడు. తప్పనిసరై సీసా పట్టేవాళ్ళు పీక నిండా పాలుండేలా సీసా వంచి పట్టుకోవాలి.

స్నానం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడుస్తున్నాడని పాలు పట్టి, పట్టగానే కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె మర్దనా చేసి లాల పోస్తారు. నిండు పొట్టని కాళ్ళ మధ్య నొక్కితే కక్కక ఏం చేస్తాడు? ముందు లాల పోసి, తర్వాత పాలిచ్చి పడుకోబెట్టండి, రోజుకి ఒక కక్కు అక్కడే తగ్గుతుంది. మొలతాడు, డైపరు పొట్టని బిగించి పట్టకూడదు. తాగిన వెంటనే చీర ఉయ్యాలలో వేయడం కూడా నాకు నచ్చదు, అందులో నడుము ముడుచుకుపోయి పొట్ట నొక్కుకుంటుంది. వాలు సీట్లో కూర్చోబెడితే కక్కడం తగ్గుతుందేమోనని అమెరికాలో డాక్టర్లు పరీక్షించి, తగ్గకపోగా ఎక్కువవుతోందని 1983లోనే ప్రచురించారు.

కక్కు గొంతుకి అడ్డం పడుతుందని భయపడి బిడ్డని బోర్లా పడుకోబెట్టేవాళ్ళున్నారు. ఇది చాలా ప్రమాదం. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకొచ్చిన పాలు మళ్ళీ కిందికే జారతాయి. బోర్లా వేస్తే ఈ క్రమం తలకిందులవుతుంది. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దయెత్తున ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా పోయే పసిబిడ్డల సంఖ్య బాగా తగ్గింది. పొలమారి పోయేవాళ్ళు పెరగనూ లేదు. తల కింద ఆవాల దిండు కూడా తీసేయండి.

ఇన్ని చేసినా కక్కుతాడు. కాస్త తక్కువ కక్కుతాడు, అంతే. ఇంట్లో వాదన తేల్చగలిగేది తూకం ఒక్కటే. పుట్టాక మొదటి రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి, ఆ తర్వాత మొదటి మూడు నెలలూ రోజుకి పాతిక ముప్ఫై గ్రాముల చొప్పున పెరగాలి. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోయాలి. తల్లీబిడ్డల కార్డులో ఆ బరువు గీత పైకి పోతోందంటే, వాళ్ళమ్మ వంకాయ తిన్నా, ఫ్యాను కింద పడుకున్నా ఎవరూ నోరెత్తక్కర్లేదు.

గీత పైకి పోకపోతే కథ వేరు. ఒక బాబు గుర్తున్నాడు. నెల వయసు, మొదటి కాన్పు. ఆత్రంగా తాగేవాడు. తాగిన కాసేపటికి నోట్లోంచి కారడం కాదు, ఎగజిమ్మినట్టు అల్లంత దూరం పడేది. వెంటనే మళ్ళీ ఆకలని ఏడ్చేవాడు. ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టించి, పాలు మార్చి, చుక్కలు వేసి, తొడలు ముడతలు పడ్డాక తెచ్చారు. కడుపు కింది ద్వారం దగ్గర కండరం మందమై దారి మూసుకుపోయింది. రెండు మూడు వారాల నుంచి రెండు నెలల వయసు దాకా కనబడే జబ్బు అది, మగపిల్లల్లో ఎక్కువ. చిన్న ఆపరేషనుతో పూర్తిగా నయమవుతుంది, ఆ బాబుకీ అయింది. ఆకుపచ్చ పసరు కక్కితే మాత్రం వారాలు కాదు, గంటలు కూడా ఆగకూడదు. పేగు మెలిపడి రక్తం ఆడకపోవచ్చు. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ రాత్రే పిల్లల ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. కక్కిన బట్ట కూడా పట్టుకెళ్ళండి, డాక్టరుకి ఆ రంగు చూపిస్తే సగం పని అవుతుంది. కక్కులోగాని విరేచనంలోగాని రక్తం, పొట్ట ఉబ్బరం, జ్వరం, మాడు ఉబ్బడం, పాలు ముట్టకపోవడం, మత్తుగా పడి ఉండటం, ఊపిరి ఎగబీల్చడం, ఆరు నెలలు నిండాక కొత్తగా మొదలవడం, ఇవన్నీ డాక్టరు చూడాల్సినవే. మామూలు కక్కుకి ఇన్ని హంగులు చేసే మనం, వీటికి మాత్రం "మొన్నా కక్కాడుగా" అని సర్దుకుంటాం. అదీ నా బాధ.

ప్రభుత్వాన్ని పెద్ద పథకాలేమీ అడగను. డిశ్చార్జి రోజున బాలింతతో పాటు ఇంటికెళ్ళాక మాట చెల్లే మనిషిని, అమ్మమ్మో అత్తగారో ఎవరైతే వాళ్ళని, పక్కన కూచోబెట్టి ఆ తువ్వాలు, చెంచా చూపించమనండి. రెండు నిమిషాల పని. ఆశా కార్యకర్త పురుడైన 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఎలాగూ ఇంటికొస్తుంది. తూచిన బరువు కార్డులో రాసి ఊరుకోకుండా ఇంట్లోవాళ్ళకి వినబడేలా పైకి చదవాలి. అల్లుళ్ళకి కూడా వినబడాలి. కక్కు బట్టలు ఉతకడం వాళ్ళకీ వచ్చు, వాషింగ్ మెషీను మీద మగవాళ్ళు ముట్టకూడదని ఎక్కడా రాసిలేదు.

డాక్టరుగార్లకి ఒక మనవి. ఏమీ అక్కర్లేదని నోటితో చెబితే గుమ్మం దాటేలోగా మర్చిపోతారు. చీటీ మీదే రాయండి: "బిడ్డ బరువు బాగుంది. మందు అవసరం లేదు. తల్లిపాలు ఆపవద్దు." కింద సంతకం, ముద్ర. ఫీజు తీసుకోండి, మందు రాయడం కన్నా ఇదే కష్టమైన పని. ఆ చీటీని మాత్రం తల్లి జాగ్రత్తగా బీరువాలో దాచుకోవాలి. ఐదో నెలలో అత్తారింటికి వెళ్ళేటప్పుడు సారెతో పాటు అదీ పట్టుకెళ్ళాలి.